అణు విద్యుత్ కేంద్రంలో షట్‌డౌన్ పనికి పోయే ముందు

ముద్దనూరు ఆర్టీపీపీలో బాయిలర్ పని చేసిన వెల్డరన్నలకు, ఫిట్టర్లకు ఈ మాట. మేస్త్రీ ఫోన్ చేసి, కర్ణాటకలోని కైగా అణు విద్యుత్ కేంద్రంలో షట్‌డౌన్ పనికి (రియాక్టర్ ఆపి చేసే మరమ్మతులకు) రమ్మంటే కూలి ఎంతని అడుగుతాం, అది న్యాయమే. దాంతోపాటు ఇవీ తెలుసుకుని పోండి.

థర్మల్‌లో వేడి ఒంటికి తగులుతుంది, బూడిద కంట్లో పడుతుంది. రేడియేషన్‌కు రంగూ లేదు, వాసనా లేదు. కొలత ఒక్కటే దిక్కు. ఛాతీ మీద పెట్టుకునే, రేడియేషన్ కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి ఆ కొలతే. డోసు (ఒంటికి తగిలిన రేడియేషన్ లెక్క) ఎక్కువ చూపిస్తే పని పోతుందని దాన్ని లాకర్లో వదిలి లోపలికి పోవద్దు. పక్కవాడిది పెట్టుకోవద్దు, మీది ఇవ్వొద్దు. రీడింగు తగ్గినంత మాత్రాన ఒంటికి తగిలింది తగ్గదు.

అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) పెట్టిన పరిమితి ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (డోసును కొలిచే లెక్క). ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. ఇది ఐదేళ్ళ లెక్క కాబట్టి, ఇంతకుముందు వేరే కాంట్రాక్టరు కింద కల్పాక్కం అణు కేంద్రంలోనో ఇంకోచోటో చేసుంటే దాచకుండా చెప్పండి. 18 నిండని తమ్ముణ్ణి మాత్రం వెంటబెట్టుకుని పోవద్దు.

కైగా రియాక్టర్లలో వాడేది భారజలం, అంటే మామూలు నీటికంటే బరువైన ఒక రకం నీరు. అందులో పుట్టే ట్రిటియం అనే రేడియోధార్మిక పదార్థం ఊపిరితోనూ ఒంట్లోకి పోతుంది, చర్మం గుండానూ పోతుంది, బ్యాడ్జికి అందదు. మూత్ర పరీక్షలోనే తెలుస్తుంది. 2009 నవంబరులో అక్కడ తాగునీటి కూలర్లోకి ట్రిటియం కలిసిన భారజలం చేరిన సంగతి బయటపడింది కూడా సిబ్బంది మూత్రం పరీక్షిస్తేనే. కాబట్టి శాంపిల్ అడిగినప్పుడు విసుక్కోవద్దు, ఎగ్గొట్టొద్దు. ప్లాస్టిక్ సూటు వేసుకోమన్నచోట ఉక్కగా ఉందని జిప్పు తీయొద్దు.

లోపల గుట్కా, బీడీ, నీళ్ళు ఏవీ నోటికి తగలకూడదు. చేతికి గాయముంటే పనికి దిగకముందే హెల్త్ ఫిజిక్స్ వాళ్ళకు (రేడియేషన్ భద్రత చూసేవాళ్ళకు) చూపించండి. బయటికొచ్చేటప్పుడు, ఒంటికి రేడియోధార్మిక పదార్థం అంటిందేమో చూసే మానిటర్ మోగితే భయపడి పక్కనుంచి జారుకోవద్దు, అక్కడే నిలబడి పిలవండి. సబ్బు, నీళ్ళతో మెల్లగా కడిగిస్తారు. గీరి రుద్దితే చర్మం తెగి, అంటుకున్నది లోపలికి పోతుంది.

పని వేగంగా ముగిస్తే డోసు తగ్గుతుంది. అందుకని ఏ బోల్టు విప్పాలో, ఏ స్పానర్ కావాలో బయటే మాట్లాడుకుని దిగండి. మీ వంతు కాకుంటే దూరంగా నిలబడండి.

తిరిగొచ్చే రోజు సెటిల్‌మెంటు డబ్బులతో పాటు మీ డోసు రికార్డు కూడా అడిగి తీసుకోండి. ఇంకో షట్‌డౌన్‌కు పిలుపొచ్చినప్పుడు గేటు దగ్గర చూపించాల్సింది అదే.