ఉద్యోగ రొట్టె ఎవరి చేతి నుంచి తీసుకోవాలి

కావలిలో ఒక శాఖా గ్రంథాలయంలో నేను లైబ్రేరియన్‌ని. దినపత్రికల కోసం వచ్చే పెద్దవాళ్ళు పొద్దున్నే వచ్చి వెళ్ళిపోతారు. ఆ తర్వాత బల్లలన్నీ డీఎస్సీకీ, గ్రూప్స్‌కీ, కానిస్టేబుల్ పరీక్షకీ చదివే పిల్లలవే. వాళ్ళలో ఎవరో ఒకరు వారానికోసారైనా నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "మేడం, చదవబుద్ధి కావడం లేదు. ధైర్యం వచ్చే పుస్తకం ఏదైనా ఉందా?" అని అడుగుతారు. ఉన్నాయి. జీవిత చరిత్రలు ఒక బీరువా నిండా ఉన్నాయి. అయితే తాళం తీసే ముందు నేనొక ప్రశ్న వేస్తాను: "నీ భయం దేనికి, నాన్నా?" చాలామంది దగ్గర జవాబు ఉండదు. "అన్నిటికీ" అంటారు. అన్నిటికీ భయపడేవాడికి ఏ మహానుభావుడూ అక్కరకు రాడు.

అందుకని మొదట ఒక కాగితం తీసుకోండి. మీ భయాన్ని ఒకే ఒక్క వాక్యంలో రాయండి. "ఈసారీ తప్పితే నాన్నకు మొహం ఎలా చూపించను" అన్నది ఒక భయం. "ఇంటర్వ్యూలో నోరు పెగలదు" అన్నది వేరే భయం. "నాకన్నా చిన్నవాళ్ళు స్థిరపడిపోయారు, నాకు వయసు మీరిపోతోంది" అన్నది మరొకటి. "ఫీజుకు డబ్బు లేదు" అన్నది మాత్రం భయం కాదు, ఇబ్బంది. దానికి కావలసింది స్ఫూర్తి కాదు, స్కాలర్‌షిప్ దరఖాస్తు; లేదా పగలు పని, రాత్రి చదువు. ఈ తేడా చూసుకోకుండా ఫోనులో ఉపన్యాసాలు వింటూ కూర్చునేవాళ్ళు నాకు రోజూ కనిపిస్తారు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఎదురుగా తెరిచిన పుస్తకం, గంటైనా తిరగని పేజీ. వింటున్నంతసేపూ ఒళ్ళు గగుర్పొడుస్తుంది, కాదనను. బయటికి వెళ్ళి టీ తాగి వచ్చేసరికి అంతా దిగిపోతుంది.

పుస్తకాన్ని ఎక్కడ తెరవాలి

జీవిత చరిత్రను చివరి నుంచి చదవకండి. సన్మానాలు, పదవులు, శవయాత్రకు వచ్చిన జనం, ఇవన్నీ చదివితే మీరింకా చిన్నబోతారు. ఆ మనిషి ఎవరో ఊళ్ళో ఎవరికీ తెలియని రోజుల దగ్గర తెరవండి.

టంగుటూరి ప్రకాశం పంతులు అనగానే మా వైపు చిన్నపిల్లలు కూడా 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకులకు రొమ్ము చూపించాడని చెబుతారు. ఆంధ్రకేసరి అన్న పేరు అలా వచ్చిందే. మంచిదే గానీ, డీఎస్సీకి చదివే అమ్మాయికి తుపాకీ ఎక్కడ ఎదురవుతుంది? అందుకే ఆయన ఆత్మకథ 'నా జీవిత యాత్ర'లో ముందు పేజీలు చదవమంటాను. 1872లో ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు పెట్టి పిల్లల్ని సాకింది. డబ్బుకు అన్నం పెట్టే ఆడదంటే ఆ రోజుల్లో నలుగురిలో చులకన. పరీక్ష ఫీజు మూడు రూపాయలు లేకపోతే పట్టుచీర తాకట్టు పెట్టి కట్టింది. కొడుకు బుద్ధిమంతుడా అంటే అదీ లేదు. నాటకాల పిచ్చి, ఆడవేషాలు, అల్లరి మూకతో తిరుగుళ్ళు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే ఉపాధ్యాయుడు చేరదీసి, రాజమండ్రికి వెంట తీసుకుపోయి చదివించకపోతే ఆ బారిస్టరు లేడు, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి ఆ తొలి ముఖ్యమంత్రీ లేడు.

ఇది చదివాక మీ కాగితం మీద రెండు గీతలు గీయండి. ఒకదాని మీద మీకు సుబ్బమ్మ ఎవరో రాయండి, రెండో దాని మీద హనుమంతరావు నాయుడు ఎవరో. మొదటిది అందరూ వెంటనే నింపుతారు. రెండోది ఖాళీగా ఉంటే మీరు వెతుక్కోవలసింది పుస్తకం కాదు, మనిషి. ఆ సంగతికి తర్వాత వస్తాను.

రైల్వే స్టేషన్ వైపు టిఫిన్ బండి నడిపే ఒకావిడ కూతురు మా దగ్గర చదువుకునేది. అమ్మ ఏం చేస్తుందని స్నేహితులు అడిగితే మాట మార్చేది. ఆ పుస్తకం ఆమెకిచ్చాను. గడువు దాటిన తర్వాత తిరిగి తెచ్చింది. పూటకూళ్ళ ఇంటి ప్రస్తావన ఉన్న పేజీ అంచున బొటనవేలంత మేర దోసెల పిండి ఎండి అంటుకుని ఉంది. "మా అమ్మకు చదివి వినిపించాను మేడం, బండి దగ్గరే" అంది. గ్రంథాలయం పుస్తకం పాడు చేస్తే నేను ఊరుకునే మనిషిని కాను, అందరికీ తెలుసు. ఆ రోజు ఆలస్యానికి మాత్రం జరిమానా వసూలు చేసి, పిండి మరక గురించి మాట్లాడలేదు.

నలుగురూ నవ్వుతారనే భయానికి

పొట్టి శ్రీరాములు గారి పేరు మా జిల్లాకే పెట్టారు. 1952 అక్టోబరు 19న మద్రాసులో మొదలుపెట్టిన నిరాహారదీక్ష డిసెంబరు 15 రాత్రి ఆయన ప్రాణంతో ముగిసింది. 58 రోజులు. దీన్ని తలుచుకుని చేతులు జోడించవచ్చు గానీ, పరీక్ష తప్పుతాననే భయానికి ఇది మందు కాదు. ప్రాణం పణంగా పెట్టడం కుర్రవాళ్ళకు నేర్పవలసిన పాఠం అని కూడా నేననుకోను. నేను చెప్పేది అంతకుముందు నెల్లూరు వీధుల్లో తిరిగిన శ్రీరాములు గారి గురించి. కాళ్ళకు చెప్పుల్లేవు, నెల్లూరు ఎండలో గొడుగు లేదు. అంటరానితనం పోవాలని రాసిన అట్టలు ఒంటికి తగిలించుకుని నడిచేవాడు. పిచ్చివాడన్నారు. సొంత కులం వాళ్ళే తప్పుపట్టారు. 1946లో మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని దీక్షకు కూర్చుని, తలుపులు తెరిపించాడు. నవ్వినవాళ్ళు ఎవరో ఇప్పుడు ఏ పుస్తకంలోనూ లేదు.

నవ్వుతారన్న భయం చదివితే పోదు. కొంచెం కొంచెంగా నవ్వించుకోవాలి, అంతే. ఇంటర్వ్యూ అంటే వణికే ఒక అబ్బాయిని సాయంత్రం పూట మా వరండాలో నిలబడి సంపాదకీయం పైకి చదవమన్నాను. అతని గొంతు పక్క కుర్చీ దాకా కూడా రాలేదు. ఆ కుర్చీలో ఉన్న పెద్దాయన, "బాబూ, కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చాను. కాస్త గట్టిగా చదివితే నేనూ వింటాను" అన్నారు. ఇక గట్టిగా చదవక తప్పలేదు. మధ్యలో ఒకచోట తప్పు చదివితే ఆయన నవ్వారు కూడా. అబ్బాయి ఆ వాక్యం మళ్ళీ చదివాడు. మర్నాడు పెద్దాయన కళ్ళజోడు పెట్టుకునే వచ్చారు, అయినా చదవమన్నారు. మీ ఊళ్ళో చదవలేని, చూపు ఆనని పెద్దవాళ్ళు ఎవరో ఒకరు తప్పక ఉంటారు. వాళ్ళకు పేపరు చదివి పెట్టండి. వేదిక మీద మాట్లాడటానికి ఇంతకన్నా చవకైన శిక్షణ నాకు తెలియదు.

వయసు మీరిందనుకునేవాళ్ళకు, ముఖ్యంగా పెళ్ళయి పిల్లలు పుట్టాక మళ్ళీ చదువుదామా అని తటపటాయించే ఆడవాళ్ళకు, పొణకా కనకమ్మ గారి ఆత్మకథ 'కనకపుష్యరాగం' ఇస్తాను. చిన్నప్పుడే పెళ్ళయింది, బడి చదువు లేదు, ఇంట్లోనే చదువుకుంది. 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం మొదలుపెట్టింది. జైలుకూ వెళ్ళింది. ఎవరి చేత చెప్పించుకోకుండా మీరే చదవవలసిన పుస్తకం అది.

ఒక్కరివల్ల కాని పని

కొన్ని భయాలకు ఒంటరి ధైర్యం చాలదు. మా కావలికి పడమరగా కలిగిరి వైపు వెళితే దూబగుంట వస్తుంది. 1990ల మొదట్లో అక్కడి అక్షరాస్యత కేంద్రాల్లో రాత్రిపూట చదువుకున్న ఆడవాళ్ళు, వాచకంలో తాగుబోతు భర్త వల్ల నాశనమైన సీతమ్మ కథ చదివి, ఇది మన ఇంటి కథే కదా అనుకున్నారు. వర్ధినేని రోశమ్మ వంటి వాళ్ళు ముందు నిలిచారు. ఇక్కడ జాగ్రత్తగా చూడవలసింది ఒకటుంది: వాళ్ళు మొదటి రోజే రాష్ట్రమంతా సారా నిషేధించమనలేదు. తమ ఊళ్ళో సారా దుకాణం మూయమన్నారు. అది మూతపడ్డాక పక్క ఊరు చూసింది. 1992కల్లా ఉద్యమం జిల్లా అంతా పాకి, సారా దుకాణాల వేలంపాటలే జరగనివ్వలేదు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం రెండేళ్ళకే సడలిపోయింది. ఆ సంగతి కూడా చదవండి. ఓడిన భాగం దాచిపెట్టి గెలిచిన భాగం మాత్రమే చెప్పే కథలు వింటే, మీ మొదటి ఓటమి నాడే మీకు వాటి మీద నమ్మకం పోతుంది.

మీరు చేయవలసింది ఏమిటంటే, ఇద్దరినో ముగ్గురినో జత చేసుకుని, మీ సారా దుకాణం ఏదో నిర్ణయించుకోవడం. "రోజుకు పది గంటలు చదువుతాం" అనకండి. "రేపు ఉదయం ఈ అధ్యాయం అయ్యేదాకా ఫోన్లు మేడం బల్ల సొరుగులో ఉంటాయి" అనండి. నా సొరుగు ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది, అడగండి.

బతికున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళడం

ఇక అసలు విషయం. నెల్లూరు రొట్టెల పండుగకు వెళ్ళని వాళ్ళు మా వైపు తక్కువ. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో దిగి, కోరిక ఉన్నవాళ్ళు రొట్టె అందుకుంటారు. ఉద్యోగ రొట్టె, చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, సంతాన రొట్టె, దేని రొట్టె దానికే. హిందువులూ ముస్లిములూ అందరూ వస్తారు. నమ్మకం సంగతి మీ ఇష్టానికి వదిలేస్తాను. నేను చూసేది ఆ పద్ధతిని. ఉద్యోగ రొట్టెను ఎవరు పడితే వాళ్ళు ఇవ్వరు. మొక్కుకుని, ఉద్యోగం వచ్చినవాళ్ళే ఇస్తారు. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి అటువంటి మనిషిని మీరు వెతుక్కోవాలి, చెయ్యి చాచి అడగాలి. మీ కోరిక తీరితే తర్వాత మీరూ రొట్టె పట్టుకుని అదే నీళ్ళలోకి రావాలి.

స్ఫూర్తి కూడా ఇలాగే వెతుక్కోండి. మీకు ఎస్సై ఉద్యోగం కావాలంటే డీజీపీ జీవితం చదవడం కన్నా, నిరుడు ఎస్సైగా ఎంపికైన మనిషిని పట్టుకోవడం మేలు. పెద్ద పదవిలో ఉన్నవాళ్ళు తమ కష్టకాలాన్ని ఎన్నోసార్లు వేదికల మీద చెప్పి చెప్పి నున్నగా చేసేసి ఉంటారు. నిరుడు గట్టెక్కినవాడికి ఇంకా అన్నీ పచ్చిగా గుర్తుంటాయి; ఏ హాస్టల్లో కూర బాగుండేదో కూడా చెబుతాడు.

వెళ్ళేటప్పుడు ముందుగా కబురు పెట్టండి, పావుగంట చాలని చెప్పండి. సెలవు రోజు మధ్యాహ్నం భోజనం వేళకు వెళ్ళకండి. "అన్నా, మీ విజయ రహస్యం ఏమిటి?" అని అడిగితే కష్టపడ్డానంటాడు, మీకేమీ తెలియదు. ఇలా అడగండి: చదివిన రోజుల్లో ఇంటి ఖర్చు ఎవరు చూశారు? మానేద్దామని ఎప్పుడనిపించింది, ఆ రోజు సాయంత్రం ఏం చేశారు? కొని, చదవకుండా వదిలేసిన పుస్తకాలు ఏవి? ఎవరి మాట వినకుండా ఉంటే బాగుండేదనిపించింది? ఎదుటివాళ్ళు మొదట తడుముకుంటారు, తర్వాత ఆపడం కష్టం. సిఫారసు మాత్రం అడగకండి. అడిగిన క్షణం నుంచి వాళ్ళు నిజం చెప్పడం మానేస్తారు.

విన్నది ఆ రాత్రే రాసుకోండి. దానిలో ఒక్క పనైనా మర్నాడు పొద్దున్నే చేయండి. ఎల్లుండికి వాయిదా వేస్తే, ఆ పావుగంట కూడా ఫోనులో విన్న ఉపన్యాసంతో సమానమైపోతుంది.

ఇవేవీ పని చేయని రోజులు ఉంటాయి. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, అన్నం సహించకపోయినా, బతకడం ఎందుకనిపించినా అది పట్టుదల లేకపోవడం కాదు, వైద్యం కావలసిన సంగతి. టెలి మానస్ ప్రభుత్వ ఉచిత సహాయ నంబరు 14416. పగలూ రాత్రీ పని చేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు నేను మా నోటీసు బోర్డు మీద ఉద్యోగ ప్రకటనల పక్కనే అంటించాను. అక్కడికి అందరూ వస్తారు కాబట్టి ఎవరు ఏది చూస్తున్నారో ఎవరికీ తెలియదు.

ఉద్యోగం వచ్చినవాళ్ళు మిఠాయి పెట్టె తెస్తారు, పూతరేకులు తెస్తారు. తీసుకుంటాను. తీసుకుని, ఒక ఆదివారం గంటసేపు వచ్చి కూర్చోమంటాను, పిల్లలు ప్రశ్నలు అడుగుతారని. నియామక పత్రంతో పాటు పాత హాల్‌టికెట్లు కూడా తెమ్మంటాను, తప్పిన పరీక్షలవి. కొందరు వాటిని చింపేశామంటారు. ఉన్నవాళ్ళు తెస్తే, వాటినే ముందు బల్ల మీద పరవమంటాను.