లంగరు వేసినా పడవ ఆగడం లేదా?

మాది పదహారు అడుగుల ఫైబర్ పడవ. సెలవు రోజుల్లో దిండి, అంతర్వేది మధ్య గోదావరి వశిష్ఠ పాయలో తిరుగుతుంటాం. కొత్తగా పడవ కొన్నవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఇంకా బరువైన లంగరు కొనమంటారా?" ఎంత తాడు వదిలారో ముందు చెప్పండి అంటాను.

పడవ మెల్లగా జారుతోంది

జారుతోందని ముందు తెలియాలి కదా. ఒడ్డున ఒకే వరుసలో ఉన్న రెండు గుర్తులు చూసుకోండి: ముందు ఒక కొబ్బరిచెట్టు, దాని వెనక సెల్ టవర్. పడవ అటూ ఇటూ ఊగితే అవి విడిపోయి మళ్లీ కలుస్తాయి. విడిపోయి దూరమవుతూనే ఉంటే జారుతున్నట్టే. ఇసుక నేల మీదైతే ఇంకో పరీక్ష ఉంది. పడవ ముక్కు దగ్గర తాడు మీద అరచెయ్యి ఆనించండి. పట్టు దొరికిన తాడు బిగిసి నిమ్మళంగా ఉంటుంది. జారే తాడు ఆగి ఆగి అదురుతుంది. ఇనుము ఇసుకను గీరుకుంటూ పోవడం చేతికి తెలుస్తుంది. మెత్తటి ఒండ్రులో ఈ అదురు ఉండదు, అక్కడ గుర్తులే దిక్కు.

కారణం చాలాసార్లు పొట్టి తాడే. లాగుడు నేలకు దగ్గరగా, పడుకున్నట్టు ఉంటేనే లంగరు లోపలికి దిగుతుంది. తాడు నిటారుగా ఉంటే దాన్ని మనమే పైకి పీకుతున్నట్టు. లోతు 3 మీటర్లు, నీటి నుంచి ముక్కు ఎత్తు 1 మీటరు, రాబోయే పోటుకు ఇంకో మీటరు: మొత్తం 5. దానికి ఏడు రెట్లు, అంటే 35 మీటర్లు వదలాలి. లోతు మూడే కదా అని పది మీటర్లతో సరిపెట్టేవాళ్లే ఎక్కువ. అమావాస్యకు, పౌర్ణమికి పోటు పెద్దది, ఆ రోజుల్లో ఇంకాస్త వదలండి.

తాడు చాలినంత ఉన్నా పట్టడం లేదు

అప్పుడు లంగరు రకం చూడాలి. నాలుగు కొక్కేల లంగరు పాపికొండల వైపు రాళ్లలో బాగా ఇరుక్కుంటుంది. డెల్టాలో ఉన్నది ఇసుక, ఒండ్రు. ఇక్కడ వెడల్పు రేకులున్న డాన్‌ఫోర్త్ రకం మేలు. మా పడవకు నాలుగైదు కిలోలది సరిపోతోంది. దానికి మూడు నాలుగు మీటర్ల గొలుసు తగిలించాను. ఆ బరువుకే లంగరు కాడ నేలకు ఒదిగి ఉంటుంది.

తాడు నైలానుదై ఉండాలి. అది కాస్త సాగుతుంది, కుదుపును మింగుతుంది. మెరిసే ప్లాస్టిక్ తాడు చవకే కానీ నీళ్లమీద తేలుతుంది, పక్క పడవ ఇంజన్ ఫ్యానుకు చుట్టుకుంటుంది. కోనసీమలో పుట్టి కొబ్బరి తాడు వద్దనడం కష్టమే, కానీ బలంలో నైలానుకు సాటి రాదు.

వేసే పద్ధతి కూడా ముఖ్యం. లంగరును గిరాటు వేస్తే గొలుసు కుప్పగా దాని మీదే పడి రేకులకు చుట్టుకుంటుంది. ముక్కును నీటి వాలుకు ఎదురుగా తిప్పి, పడవ ఆగాక మెల్లగా దింపండి. పడవ వెనక్కి పోతున్న కొద్దీ తాడు వదిలి, చివరికి ముక్కు దగ్గర కట్టి, ఇంజన్‌తో నెమ్మదిగా వెనక్కి లాగి చూడండి. ఒకసారి జారిన లంగరును పైకి తీస్తే రేకుల మధ్య నల్లటి ఒండ్రు ముద్ద అంటుకుని ఉంటుంది. దాన్ని కడగకుండా మళ్లీ వేస్తే గుండ్రాయి వేసినట్టే.

గంటసేపు బాగానే ఉంది, తర్వాత ఊడింది

పోటు ఆటుగా మారింది. పడవ తిరిగి, లాగుడు ఎదురు దిక్కుకు మళ్లింది. డాన్‌ఫోర్త్ రకానికి ఇదే బలహీనత: ఊడివచ్చి, ఒక్కోసారి మళ్లీ దిగకుండా దొర్లుతూ పోతుంది. నీరు తిరిగే వేళకు పడవలో ఎవరో ఒకరు మెలకువగా ఉండాలి. పడవ చుట్టూ తిరగడానికి చోటూ ఉండాలి. నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు (రేవు దాటించే పెద్ద పడవ) నడిచే దారిలో మాత్రం లంగరు వేయకండి.

లంగరు పైకి రావడం లేదు

పాత వల, మునిగిన చెట్టు మొద్దు, ఏదో పట్టుకుని ఉంటుంది. తాడును లాక్కుంటూ సరిగ్గా దాని పైకి వచ్చి, పొట్టిగా కట్టి, అలకు ముక్కు లేచేదాకా ఆగండి. కదలకపోతే తాడు కొంత వదిలి, వేసినప్పటికి ఎదురు దిక్కు నుంచి నెమ్మదిగా లాగండి. చేతికి తాడు చుట్టుకోవద్దు. పడవ వెనక భాగానికి కట్టి లాగడం అన్నిటికన్నా ప్రమాదం: వెనక అంచు పల్లంగా ఉంటుంది, వాలు జోరుకు నీళ్లు లోపలికి వచ్చేస్తాయి. మొద్దులున్న చోటని తెలిస్తే, ముందుగానే లంగరుకు రేకులున్న వైపు కొసన సన్న తాడు కట్టి, రెండో కొసకు ఖాళీ డబ్బా కట్టి నీళ్లమీద వదిలేయండి. ఇరుక్కున్నప్పుడు ఆ తాడు లాగితే వెనక నుంచి ఊడివస్తుంది.

తాడుతో సహా పోయింది

నవ్వకండి, మొదటి ఏడాది నాకే జరిగింది. దిండి దగ్గర దర్జాగా దింపాను, తాడు సరసరా పోతూనే ఉంది, చివరి కొస కళ్లముందే నీళ్లలోకి జారింది. కట్టలేదు. ఇప్పుడు వేయడానికి ముందే కొసను పడవకు ముడి వేస్తాను. గొలుసును లంగరుకు కలిపే షాకిల్ (ఇనుప కొండీ) మర అదురుకు వదులవుతుంది కాబట్టి దానికి సన్న తీగ చుట్టి ఉంచాను. ముడి పక్కనే ఒక కత్తి కూడా ఉంటుంది. వరద నీటిలో కొట్టుకొచ్చే దుంగ తాడుకు అడ్డం పడితే ముడి విప్పేంత సమయం ఉండదు.