‘మా లిమిట్స్ కాదమ్మా’ అన్నారని వెనక్కి రాకండి

నిరుడు ఒక సాయంత్రం మా అక్క కూతురు సిటీ బస్సులోంచి ఏడుస్తూ ఫోన్ చేసింది. డిగ్రీ మూడో సంవత్సరం చదువుతోంది. ‘పిన్నీ, వెనకాల నిలబడినవాడు చెయ్యి వేశాడు, అరిస్తే దిగి పారిపోయాడు’ అంది. నేను ఆఫీసు నుంచి నేరుగా వెళ్ళి, దాన్ని తీసుకుని దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి పోయాను. రిసెప్షన్‌లో ఉన్నాయన ఎక్కడ ఎక్కింది, ఎక్కడ దిగింది అని అడిగి, ‘ఇది మా లిమిట్స్ కాదమ్మా’ అన్నాడు. రెండో స్టేషన్‌లో ‘అప్పటికి బస్సు ఫ్లైఓవర్ దాటిందా, దాటలేదా?’ అన్నారు. పిల్లకి ఏం తెలుస్తుంది? రాత్రి పదిన్నరకి ఉత్త చేతులతో ఇంటికి వచ్చాం.

మర్నాడు పొద్దున కాగితం రాసుకుని మళ్ళీ వెళ్ళాం. కేసు కట్టారు. ఆ తర్వాత మా ఆఫీసులో ఇద్దరికీ, మా వీధిలో ఒకావిడకీ తోడు వెళ్ళాను. అలా నేర్చుకున్నవే ఇవి.

మొట్టమొదట లిమిట్స్ సంగతి. పోలీసులు కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్ చూడండి. నేరం ఎక్కడ జరిగినా సరే, ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఏ స్టేషన్ పరిధో తేల్చి అక్కడికి పంపుకోవడం వాళ్ళ పని, మన పని కాదు. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర అత్యాచారానికి, హత్యకి బలైన ఆ డాక్టరమ్మాయి కనబడక ఇంట్లోవాళ్ళు వెళితే, పరిధి మాటతోనే కాలయాపన జరిగింది. తర్వాత ముగ్గురు పోలీసులు సస్పెండ్ అయ్యారు. ఆ రాత్రిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

కాబట్టి స్టేషన్‌లో వాదన పెట్టుకోకుండా ఒక్క మాట అనండి: ‘సార్, జీరో ఎఫ్ఐఆర్ కట్టండి.’ ఇలాంటి ఫిర్యాదుని మహిళా పోలీసే రాసుకోవాలని కూడా చట్టంలో ఉంది, అదీ అడగండి.

బస్సులో ఉండగానే చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. గట్టిగా అరవండి, కండక్టర్‌కి చెప్పండి, 112కి ఫోన్ చేయండి. ఇక టికెట్. ఉచిత ప్రయాణం కదా అని జీరో టికెట్‌ని చాలామంది నలిపి పడేస్తారు. డిపో, తేదీ, టైమ్, ఎక్కిన స్టేజీ అన్నీ దాని మీదే ఉంటాయి. మీరు ఆ బస్సులో ఉన్నారనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? అయితే అచ్చు కొన్నాళ్ళకే వెలిసిపోతుంది, వెంటనే ఫోటో తీసి పెట్టుకోండి. దిగేటప్పుడు బస్సు నంబర్ ప్లేటు కూడా ఒక ఫోటో తీయండి.

ఫిర్యాదు రాయడంలోనే సగం కేసు ఉంది. మా పిల్ల మొదట ‘ఒక వ్యక్తి నాతో అసభ్యంగా ప్రవర్తించాడు’ అని రాసింది. సిగ్గు, భయం, అందుకే అంత ముక్తసరిగా రాసింది. ఆ మాటకి పెట్టీ కేసు రాసి, ఫైన్‌తో సరిపెట్టే వీలుంది. కూర్చోబెట్టి మళ్ళీ రాయించాను: ‘నేను మెట్ల దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. వెనక ఉన్న నీలం చొక్కా మనిషి నా నడుము మీద చెయ్యి వేశాడు. తోసేశాను. మళ్ళీ వేశాడు. అరిస్తే తర్వాతి స్టాపులో దిగి పారిపోయాడు.’ ఏం చేశాడో ఉన్నదున్నట్టు రాస్తే పాత ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 74వ సెక్షన్ కిందికి వస్తుంది. దానికి ఏడాది నుంచి అయిదేళ్ళ దాకా జైలు. రెండు కాపీలు రాయండి. ఒకదాని మీద స్టేషన్ ముద్ర, సంతకం, తేదీ వేయించుకోండి. ఎఫ్ఐఆర్ కాపీ మనకి ఉచితంగా ఇవ్వాలి, అది చేతికొచ్చేదాకా కుర్చీలోంచి లేవొద్దు.

రైలైతే ఒక తికమక ఉంది. ప్లాట్‌ఫారం మీద కనిపించే ఆర్పీఎఫ్, అంటే రైల్వే రక్షణ దళం, కేంద్రానిది. ఇలాంటి కేసు కట్టేది జీఆర్పీ, అంటే రైల్వేల్లో పనిచేసే రాష్ట్ర పోలీసులే. రైల్లో ఉండగా 139కి ఫోన్ చేయండి. దూర ప్రయాణమైతే ఫిర్యాదు ఫారం టీటీఈని అడిగి నింపి ఇవ్వండి, మధ్యలో దిగాల్సిన పని లేదు.

అన్నీ చెప్పినా కేసు కట్టకపోతే? స్టేషన్‌లోకి వెళ్ళిన టైమ్, బయటికొచ్చిన టైమ్, మాట్లాడినవాళ్ళ పేరు, హోదా రాసుకోండి. ప్రతి స్టేషన్‌లో గేటు దగ్గర, రిసెప్షన్‌లో కెమెరాలు ఉండాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో చెప్పింది. మీరు రాలేదని ఎవరూ అనలేరు. తర్వాత అదే ఫిర్యాదుని జిల్లాలో ఎస్పీకి, కమిషనరేట్‌లో డీసీపీకి స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచండి. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గర అర్జీ పెట్టవచ్చు. లాయర్ ఖర్చుకి టెన్షన్ పడకండి. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్ళందరికీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని పెడుతుంది. ఆ నంబరు 15100.

ఇంకొకటి. 74 కింద వచ్చే ఫిర్యాదుని రాసుకోని పోలీసు ఉద్యోగి కూడా శిక్షార్హుడే. న్యాయ సంహిత 199వ సెక్షన్ ప్రకారం 6 నెలలకి తగ్గకుండా, 2 ఏళ్ళ దాకా కఠిన జైలు. నేను దీన్ని బెదిరింపుగా వాడలేదు. డీసీపీకి పంపే కాగితంలో చివరి వాక్యంగా రాయడం మటుకు మానను.

కేసు కట్టాక 90 రోజుల్లోపు దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో వాళ్ళే మనకి చెప్పాలి. మా పిల్ల ఎఫ్ఐఆర్ అందుకున్న రోజే క్యాలెండర్‌లో తొంభయ్యో రోజుకి సున్నా చుట్టింది. ఆ రోజు ఎవరూ ఫోన్ చేయలేదు. మర్నాడు పొద్దున్నే ఇద్దరం స్టేషన్‌కి వెళ్ళాం.