నరసాపురం లాంటి ఊళ్ళో హాయిగా ఉండాలంటే

వర్క్ ఫ్రమ్ హోమ్ దొరికింది కదా, అద్దె కలిసొస్తుందని చిన్న ఊరు వెళ్ళిపోయి నెల తిరక్కుండానే "ఇక్కడేముందండీ, బోరు" అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఉందండీ, కానీ ఫోన్లో కనపడదు, మనుషుల్ని పట్టుకోవాలి. నాకు తెలిసింది పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం, దాని సంగతే చెప్తా.

ఇల్లు కావాలంటే కిరాణా కొట్లో ఓ మాట వేసి ఉంచండి, అదే తేలుద్ది. మేడ మీద పోర్షన్ అయితే గాలొస్తుంది, దోమలు కూడా కాస్త తక్కువ (కాస్తే).

దిగిన రోజు నుంచీ కొట్టాయన, పాలాయన, ఎదురింటి పిన్నిగారు అందరూ అడిగేది ఒకటే, "ఎవరి తాలూకా అండీ?" అని. సిటీ అలవాటుకి చిరాకేస్తుంది, అయినా మొహం తిప్పుకోకుండా ఊరు, ఇంటిపేరు, ఉద్యోగం అన్నీ తీరిగ్గా చెప్పేయండి, ఒకసారి చెప్తే వీధంతా తెలిసిపోద్ది, ఆ తర్వాత మీరు ఇంట్లో లేకపోయినా గ్యాస్ బండ పక్కింటోళ్ళే దింపించి పెడతారు. ప్రైవసీ ముఖ్యం అనుకుంటే మాత్రం ఈ ఊళ్ళు మీకు పడవు.

టిఫిన్‌కి రోజుకో చోటికి తిరగొద్దు, ఒకే కొట్టుకి ఒకే టైంకి వెళ్ళండి. దిబ్బరొట్టి తినాలంటే అదే పద్ధతి, మినప్పిండి మందంగా ఇనప మూకుట్లో పోసి మూత పెట్టి సన్న సెగ మీద వదిలేస్తారు, అంచు ఎర్రగా కరకరలాడాలి, లోపల మెత్తగా ఉండాలి, తొందరపెడితే లోపల పచ్చిగా ఉంటుంది. రోజూ వచ్చే మొహమైతే అడక్కుండానే మాడు అంచున్న ముక్క, పక్కన చెరకు పానకం మీ ముందుకొస్తాయి.

సాయంత్రం లాప్‌టాప్ మూసేసి మాధవాయిపాలెం రేవుకెళ్ళి పంటు (బళ్ళనీ మనుషుల్నీ గోదారి దాటించే పెద్ద పడవ) ఎక్కండి, పనేం లేకపోయినా సరే. బైకులు, ఆటోలు, కార్లు అన్నీ ఇరుక్కుని ఎక్కేస్తాయి, మీరు మాత్రం అంచున గాలికి నిలబడండి, వశిష్ఠ గోదావరి దాటితే సఖినేటిపల్లి, అక్కడ టీ తాగి వచ్చేయొచ్చు. ఓపికుంటే అటునుంచే అంతర్వేది, గోదారి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా పోవచ్చు. భీష్మ ఏకాదశికి అంతర్వేది నరసింహస్వామి రథోత్సవం, అప్పుడు రేవులో జనం మామూలుగా ఉండరు. వరదొస్తే పంటు ఆపేస్తారు, కనుక్కుని బయల్దేరండి.

ఆ వరద నీరు ఎర్రబడ్డాకే పులస. చేప మొత్తం కొనాలని లేదు, తెలిసినోళ్ళతో కలిసి వాటా వేసుకోండి, తెలియని చోట సముద్రం చేపనే పులస అని అంటగడతారు.

చుట్టాలకేమైనా పంపాలంటే ఇక్కడ చేత్తో అల్లే లేసు తీసుకోండి, 2024లో జీఐ ట్యాగ్ (ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు) కూడా వచ్చింది, అల్లే ఆడవాళ్ళ దగ్గరే కొంటే బేరమాడకండి.

పెద్ద డాక్టరు కావాలంటే భీమవరం పోవాల్సిందే, అదొక్కటే ఇబ్బంది. హైదరాబాద్ ఆఫీసుకి రమ్మంటే రైలు మన ఊళ్ళోనే బయల్దేరుద్ది, రాత్రంతా పడుకుని పొద్దున్న దిగొచ్చు. సంక్రాంతి తర్వాత వెళ్ళేదైతే మాత్రం 60 రోజుల ముందు బుకింగ్ తెరిచిన పొద్దున్నే టికెట్ చేసేసుకోండి.