కామ్ మార్చాక ట్రక్కు ఇంజన్ మొరాయిస్తే: ఎక్కడ వెతకాలి, ఏం మార్చాలి

ఇక్కడ ట్రక్కంటే మన లారీ కాదు, అమెరికా పికప్. కామ్ అంటే ఇంజన్ వాల్వులను తెరిచే ఇరుసు (క్యామ్‌షాఫ్ట్), దాని మీది ఉబ్బెత్తు భాగమే లోబ్. చెవీ సిల్వరాడో, జీఎంసీ సియెరా, టాహోల్లో వచ్చే జీఎం 5.3 లీటర్ల వీ8 గురించి ఈ వివరాలు. 1999 నుంచి 2007 దాకా వచ్చిన ఎల్ఎం7 జెన్ 3 (మూడో తరం), తర్వాతి రకాలు జెన్ 4. 2014లో మొదలైన జెన్ 5కి ఇవి నప్పవు. దాని కామ్ వెనక చివర హై ప్రెషర్ ఫ్యూయల్ పంపును నడిపే లోబ్ ఉంటుంది, అది వేరే లెక్క.

కామ్ మార్చాక వచ్చే గొడవల్లో చాలావాటికి కారణం కామ్ కాదు. పొదుపు కోసమో తెలియకో దాని పక్కన ఉంచేసిన పాత స్ప్రింగో, నప్పని గేరో, చవకైన ఓ-రింగో (రబ్బరు సీలు రింగు).

సెల్ఫ్ చాలాసేపు తిరుగుతుంది, పీ0341 లాంటి కామ్ సెన్సర్ కోడ్ వస్తుంది

ముందు సెన్సర్ ఎక్కడుందో చూడండి. జెన్ 3లో బ్లాకు వెనక భాగాన, ఇన్‌టేక్ మానిఫోల్డ్ చాటున ఉంటుంది. కామ్ వెనక చివరి రింగును చదువుతుంది. జెన్ 4లో ముందు టైమింగ్ కవర్లో ఉండి, కామ్ గేరు మీది ఎత్తుపల్లాలను చదువుతుంది. జెన్ 4 ఇంజన్‌కి జెన్ 3 గేరు వేస్తే ముందు సెన్సర్‌కి చదవడానికి ఏమీ దొరకదు. కొత్త గేరు నాలుగు పల్సుల రకమేనా అని అడిగి మరీ కొనండి.

రెండోది బోల్టుల లెక్క. జెన్ 3 కామ్ ముక్కుకి మూడు బోల్టులు. జెన్ 4లో కొన్నిటికి మధ్యలో ఒకటే లావుపాటి బోల్టు. కామ్ ఏ రకమైతే గేరూ అదే కావాలి. వీవీటీ (వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే ఏర్పాటు) ఉన్న ఇంజన్లో ఆ మధ్య బోల్టే ఫేజర్‌కి (కామ్ కోణాన్ని మార్చే గేరుకి) ఆయిల్ వాల్వుగా కూడా పనిచేస్తుంది. వీవీటీ తీసేయాలనుకుంటే వీవీటీ లేని కామ్, మామూలు గేరు, వేరే ముందు కవరు, ట్యూను (కంప్యూటర్ ప్రోగ్రాము మార్చడం), నాలుగూ కలిపే వేయాలి. ఫేజర్ ఉంచుకుని పెద్ద కామ్ వేస్తే, అది తిరిగే కోణాన్ని తగ్గించే లిమిటర్ తప్పనిసరి. లేకపోతే వాల్వు పిస్టన్‌కి తగిలే ప్రమాదం ఉంది.

పీ0016 కోడ్ (క్రాంకుకీ కామ్‌కీ పొసగడం లేదని) వస్తుంటే చైన్ ఒక పన్ను తప్పిందేమో చూడండి. క్రాంక్ గేరు చుక్క పైకి 12 గంటల దగ్గర, కామ్ గేరు చుక్క కిందికి 6 గంటల దగ్గర ఎదురెదురుగా ఉండాలి. చైన్ వేశాక క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పితే చుక్కలు మళ్లీ అక్కడికే రావాలి. రెండు నిమిషాల పని ఇది, వదిలేస్తే ముందు కవరు మళ్లీ ఊడదీయాలి. చైన్ విషయంలో ఖరీదైన డబుల్ రోలర్ జోలికి పోనక్కర్లేదు. వీధిలో తిరిగే బండికి ఎల్ఎస్2 (జీఎందే మరో వీ8) సింగిల్ చైన్, దాని డ్యాంపర్ బాగా సరిపోతాయి. అయితే డ్యాంపర్ బోల్టుల రంధ్రాలు బ్లాకులో ఉన్నాయో లేదో కొనేముందే చూసుకోండి.

5000 ఆర్‌పీఎం దాటగానే లాగడం ఆపేస్తుంది, మిస్ కొడుతుంది

చాలామంది పెట్రోలు పంపునో కాయిల్స్‌నో అనుమానిస్తారు. ఎక్కువసార్లు అది వాల్వు ఫ్లోట్. స్ప్రింగుకి బలం చాలక వాల్వు లోబ్ వెంట తిరిగి రాలేకపోతుంది. ఇంజన్‌తో వచ్చిన స్ప్రింగులు చిన్న లిఫ్టుకే (లిఫ్టంటే వాల్వు తెరుచుకునే ఎత్తు). ఎల్ఎస్6 స్ప్రింగులు 0.550 అంగుళం దాకా పనికొస్తాయి, అంతకు మించితే 0.600 బీహైవ్ (తేనెపట్టు ఆకారపు) స్ప్రింగులో, డబుల్ స్ప్రింగులో వేయాలి.

పెట్టె మీది అంకెను నమ్మి ఊరుకోకండి, ఒక్కసారి కొలవండి. స్ప్రింగు బిగించిన ఎత్తు 1.800 అంగుళాలు, చుట్లన్నీ అంటుకునే ఎత్తు 1.150 అనుకుందాం. మధ్య ఖాళీ 0.650. కామ్ ఇచ్చే వాల్వు లిఫ్టు 0.585 అయితే 0.065 మిగులుతుంది, పర్వాలేదు. 0.050 కన్నా తక్కువ మిగిలితే ఆ స్ప్రింగు వద్దు.

కావలసినవి: స్ప్రింగులు 16, రిటైనర్లు 16, లాకులు 32, వాల్వు సీళ్లు 16. హెడ్ దించక్కర్లేదు. ఆ సిలిండర్ పిస్టన్‌ను పైకి తెచ్చి, ప్లగ్ రంధ్రంలోంచి గాలి పట్టించి ఒక్కొక్కటే మార్చండి. లాకు ఊడి కింద పడితే ఆయిల్ దిగే రంధ్రంలోకి జారుతుంది, కాబట్టి ముందే వాటిలో గుడ్డ కుక్కండి. లెక్కపెట్టి కుక్కండి, లెక్కపెట్టి తీయండి.

టకటక ఆగదు (మన మెకానిక్కుల మాటలో ట్యాపెట్ సౌండు)

ముందు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వెనక చివరి బోల్టు చూడండి. ఈ ఇంజన్లలో అవి విరగడం మామూలే. చల్లగా ఉన్నప్పుడు టకటకమని, వేడెక్కాక తగ్గితే దోషం అక్కడే, లిఫ్టర్లను (కామ్ మీద కూర్చునే భాగాలను) తిట్టకండి.

అక్కడ బాగానే ఉంటే, లిఫ్టర్ నుంచి రాకర్‌ను నెట్టే పుష్‌రాడ్ పొడవు చూడాలి. కొత్త కామ్ బేస్ సర్కిల్ (లోబ్‌లో ఉబ్బు లేని గుండ్రటి భాగం) చిన్నదైతే పాత 7.400 అంగుళాల రాడ్ పొట్టిదైపోయి ప్రీలోడ్ (లిఫ్టర్‌ను ముందే కొద్దిగా నొక్కి ఉంచడం) చాలదు. హెడ్ గీయించినా, పలచటి గాస్కెట్ వేసినా దీనికి తిరగబడి, రాడ్ పొడుగైపోయి వాల్వు పూర్తిగా మూసుకోదు. అప్పుడు టకటక కాదు, కంప్రెషన్ పోతుంది.

పుష్‌రాడ్ పొడవు కొలిచే పరికరం తీసుకోండి. ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకోవడం మొదలైనప్పుడు ఆ సిలిండర్ ఇన్‌టేక్ రాడ్‌ను, ఇన్‌టేక్ మూసుకుంటున్నప్పుడు ఎగ్జాస్ట్ రాడ్‌ను కొలవాలి. రాకర్ బోల్టు 22 ఫుట్-పౌండ్లకు బిగించి, పరికరాన్ని సందు లేకుండా, లిఫ్టర్‌ను నొక్కకుండా సరిచేయండి. అప్పుడు 7.365 వస్తే 0.060 ప్రీలోడ్ కలిపి 7.425 రాడ్ కొనాలి. ఎల్ఎస్7 తరహా లిఫ్టర్లకు 0.040 నుంచి 0.080 మధ్య ఉంటే చాలు. పుష్‌రాడ్‌లు 0.025 మెట్లలో దొరుకుతాయి.

రాకర్లు పాతవే ఉంచితే ట్రనియన్ (రాకర్ ఊగే ఇరుసు) బేరింగులు ఊగిస్తూ చూడండి. లోపలి సూదులు బయటపడితే అవి నేరుగా ఆయిల్ పాన్‌లోకే పోతాయి.

1, 4, 6, 7 సిలిండర్లలోనే మిస్

ఈ నాలుగు అంకెలు కనిపిస్తే ముందు ఏఎఫ్ఎం (బరువు తక్కువున్నప్పుడు నాలుగు సిలిండర్లను ఆపేసే ఏర్పాటు) లిఫ్టర్లనే అనుమానించండి. ఏఎఫ్ఎం ఉన్న జెన్ 4లో ఆ నాలుగింటికే ప్రత్యేక లిఫ్టర్లు ఉంటాయి, వాటి లోబ్‌లూ వేరు. అందుకే మామూలు కామ్‌ను వాటితో జతచేయకూడదు. ఏఎఫ్ఎం తీసేయాలంటే హెడ్‌లు దించక తప్పదు: ఎల్ఎస్7 తరహా లిఫ్టర్లు 16, వాటిని పట్టే ట్రేలు 4, హెడ్ గాస్కెట్లు, కొత్త హెడ్ బోల్టులు (సాగేరకం, రెండోసారి వాడకూడదు), కంప్యూటర్లో ఏఎఫ్ఎం ఆపేయడం. వ్యాలీ కవరు (రెండు హెడ్‌ల మధ్య బ్లాకు పైమూత) విషయంలోనే చాలామంది దెబ్బతింటారు. బ్లాకులోని ఏఎఫ్ఎం ఆయిల్ రంధ్రాలను మూసే ఓ-రింగులున్న కవరే కావాలి. అవి లేని కవరు వేస్తే ఆ రంధ్రాల్లోంచి ఆయిల్ ప్రెషర్ కారిపోతుంది.

ఏఎఫ్ఎం లేని ఇంజన్లో హెడ్ దించకుండానే కామ్ లాగొచ్చు. రాకర్లు, రాడ్‌లు తీసి కామ్‌ను రెండు చుట్లు తిప్పితే లిఫ్టర్లు ట్రేల్లో పైకి అతుక్కుంటాయి. పాత ట్రేల పట్టు సడలి ఉంటుంది, అందుకే బ్లాకు ముందునుంచి 5/16 అంగుళం రాడ్‌లు రెండు దూర్చి ఆపండి. ఒక్కటి జారినా హెడ్ దించాల్సిందే.

ఆయిల్ ప్రెషర్ పడిపోయింది

టైమింగ్ సెట్ కోసం ఆయిల్ పంపు విప్పారు కదా, పికప్ ట్యూబు (పాన్‌లోంచి ఆయిల్ పీల్చే గొట్టం) ఓ-రింగే అనుమానించండి. ట్యూబును పట్టేది ఒక్క బోల్టే, బిగించేటప్పుడు పక్కకి ఒరిగి రింగు నలుగుతుంది. ట్యూబుకి సరిపోయే రింగు తీసుకుని ఆయిల్ రాసి, ముందు చేత్తో లోపలికి నొక్కి, ఆ తర్వాతే బోల్టు బిగించండి. వేడెక్కిన ఇంజన్‌కి మాన్యువల్ చెప్పే కనీసం: 1000 ఆర్‌పీఎం దగ్గర 6 పీఎస్ఐ, 2000 దగ్గర 18, 4000 దగ్గర 24. డ్యాష్ మీటరును కాదు, మెకానికల్ గేజి పెట్టి చూడండి.

ఐడ్లింగ్ ఎగుడుదిగుడు, గేరు వేయగానే ఆగిపోతుంది

ఇది ట్యూను పని. పాత ప్రోగ్రాముకి కొత్త కామ్ తెలియదు. ట్యూను చేయించినా డ్రైవులో వేయగానే పడిపోతే, ఆ కామ్‌కి స్టాక్ టార్క్ కన్వర్టర్ (ఇంజన్‌ను ఆటోమేటిక్ గేర్‌బాక్సుకు కలిపేది) చాలడం లేదు. బరువులాగే ట్రక్కుకి 0.050 అంగుళం లిఫ్టు దగ్గర 210 నుంచి 218 డిగ్రీల ఇన్‌టేక్ డ్యురేషన్ (వాల్వు తెరిచి ఉండే కోణం) దాటకపోవడం మేలు.

ముందు పుల్లీ దగ్గర ఆయిల్, బెల్టు ఊగడం

ఈ ఇంజన్ బ్యాలెన్సర్‌కి (ముందు పుల్లీకి) క్రాంక్ మీద కీ ఉండదు, బిగింపే దిక్కు. పాత బోల్టుతో 240 ఫుట్-పౌండ్లకు లాగి చివరిదాకా కూర్చోబెట్టండి. ఆ బోల్టు తీసేసి, కొత్తది 37 ఫుట్-పౌండ్లు బిగించి, అక్కడినుంచి ఇంకో 140 డిగ్రీలు తిప్పండి. పాత బోల్టునే చివరిదాకా వాడకండి.