గ్రాఫైట్ నుంచి గ్రాఫీన్: టేపు మొరాయిస్తే ఏం చేయాలి?

2004లో మాంచెస్టర్‌లో గైమ్, నొవొసెలోవ్ బృందం గ్రాఫైట్‌కు టేపు అంటించి లాగి, ఒకే ఒక్క పరమాణువు మందం పొరను, అంటే గ్రాఫీన్‌ను, విడదీసింది. వింటే గూడూరు అభ్రకం రేకులు ఊడదీసినంత తేలిక అనిపిస్తుంది. కూర్చుని చేస్తేనే తెలుస్తుంది తంటా.

సమస్య: వేఫర్ నిండా మెరిసే మందపాటి ముక్కలే, పలచటి పొర ఒక్కటీ లేదు

అందరూ ముందు గ్రాఫైట్‌నే తిడతారు. చాలాసార్లు తప్పు వేఫర్‌ది, అంటే టేపు మీది పొరలను దించే, పైన ఆక్సైడ్ పూత ఉన్న సిలికాన్ పలకది. దాని మీద పట్టిన తేమ, జిడ్డు వల్ల అడుగు పొర ఆక్సైడ్‌ను గట్టిగా పట్టుకోదు. టేపు లాగగానే పైవాటితో పాటు అదీ లేచిపోతుంది. వేఫర్‌ను అసిటోన్‌తో, తర్వాత ఐసోప్రొపనాల్‌తో కడిగి, కొన్ని నిమిషాలు ఆక్సిజన్ ప్లాస్మాలో (విద్యుత్తుతో అయాన్లుగా మారిన ఆక్సిజన్ వాయువులో) ఉంచండి. బయటికి తీసిన వెంటనే టేపు అంటించాలి, టీ తాగొచ్చాక కాదు. టేపుతో సహా 100 డిగ్రీల హాట్ ప్లేట్ మీద రెండు నిమిషాలు ఉంచి, చల్లారాక మెల్లగా, బాగా మెల్లగా ఊడదీయండి.

అయినా అన్నీ చిన్న తునకలే వస్తుంటే, టేపును అతిగా మడిచి మడిచి గ్రాఫైట్‌ను పొడి చేస్తున్నారన్నమాట. మడతలు తగ్గించండి.

సమస్య: మైక్రోస్కోప్‌లో ఏమీ కనిపించడం లేదు

పొర ఉండే ఉంటుంది. ఆక్సైడ్ మందం 300 లేదా 90 నానోమీటర్ల దగ్గర ఉంటేనే అది కంటికి ఆనుతుంది. 300 బదులు 315 ఉన్నా తెల్లటి వెలుగులో మాయమైపోవచ్చు. ఆకుపచ్చ ఫిల్టర్ పెట్టి చూడండి.

సమస్య: పొర చుట్టూ జిగురు మరకలు

జిగురు తక్కువుండే నీలి టేపుకు మారండి. ఉన్న మరకలకు ఆర్గాన్-హైడ్రోజన్ మిశ్రమంలో 300-350 డిగ్రీల వేడి. కానీ ఆ వేడికి పొర ఆక్సైడ్ ఎగుడుదిగుడులకు మరింత అతుక్కుంటుంది. అందుకే నా ఓటు మొదటి దారికే.

సమస్య: ఏఎఫ్ఎమ్‌లో (సూదిమొనతో ఉపరితలాన్ని తడిమి ఎత్తు కొలిచే మైక్రోస్కోప్‌లో) ఎత్తు దాదాపు 1 నానోమీటర్ చూపిస్తోంది

గ్రాఫైట్‌లో పొరల మధ్య దూరం 0.335 నానోమీటర్లే కాబట్టి మూడు పొరలని లెక్కేయకండి. అడుగున చిక్కిన నీరు కూడా ఎత్తు పెంచుతుంది. రామన్ వర్ణపటం (లేజర్ వెలుగు పడి చెదిరిన కాంతి గ్రాఫ్) తీయండి: 2700 cm⁻¹ దగ్గర ఒకే సన్నని శిఖరం, 1580 దగ్గరి దానికంటే బాగా ఎత్తుగా ఉంటే ఒంటిపొరే.

సమస్య: రామన్‌లో 1350 దగ్గర శిఖరం

అంచున కనిపిస్తే మామూలే. నడిమధ్యన కనిపిస్తే లోపం. గ్రాఫీన్ దిగాక మళ్లీ ఆక్సిజన్ ప్లాస్మా పెట్టారేమో గుర్తు చేసుకోండి. పెట్టి ఉంటే ఆ ముక్కను పక్కన పడేసి, కొత్త వేఫర్ తీయండి.