అడ్వాన్స్ కట్టకముందే పిల్లల్ని అడగండి

నేను హోమ్‌లో, అంటే ఇంట్లో చూసుకునేవాళ్లు లేని పిల్లల్ని ఉంచే బాలల గృహంలో, పెరిగినవాణ్ని. ఇప్పుడు విజయవాడలో, పద్దెనిమిది నిండి హోమ్ నుంచి బయటికొచ్చిన పిల్లలు కలిసి ఉండే అద్దె ఇళ్లు (గ్రూప్ ఇళ్లు) చూసుకుంటున్నాను. అడ్వాన్స్ కట్టేశాక "ఇల్లెలా ఉందిరా?" అంటే "బాగుందన్నా" అనే అంటారు. ఇంకేమంటారు? అందుకే ఇలాంటి ఇళ్లు తీసే సంస్థలవాళ్లు, ఇల్లు వెతకడానికి బయల్దేరేటప్పుడే వాళ్లని వెంట తీసుకెళ్లాలి.

పిల్లల సంరక్షణకి సంబంధించిన 2016 జువెనైల్ జస్టిస్ నియమాల్లో, పద్దెనిమిది నిండినవాళ్లు ఆరు నుంచి ఎనిమిది మంది కలిసి కొంతకాలం ఉండే ఇళ్ల ప్రస్తావన ఉంది. హోమ్‌లో 16–18 ఏళ్లవాళ్లకి విడిగా బాలల కమిటీ ఉండాలని కూడా ఉంది. ఆ కమిటీ నుంచి ఇద్దర్ని, ఇప్పటికే గ్రూప్ ఇంట్లో ఉంటున్న ఇద్దర్ని పిలవండి. వార్డెన్ గారు రాకపోతేనే మంచిది. పనికెళ్లే పిల్లల్ని వాళ్ల సెలవు రోజునే రమ్మనండి. ఆటో చార్జీ, టిఫిన్ మీవే. కూలీ పోయేట్టుంటే అదీ ఇవ్వండి.

మనం గదులు, బాత్రూమ్‌లు లెక్కపెడతాం. వాళ్లు చూసేవి వేరు. బట్టల షాపులో చేసే అమ్మాయి రాత్రి దిగే బస్టాప్ నుంచి సందు చివరిదాకా లైట్లున్నాయా అని చూస్తుంది. ఆటోనగర్‌లో పని నేర్చుకునే కుర్రాడు గ్రీజు బట్టలు ఎక్కడ ఉతుక్కోవాలి, నీళ్లు ఎన్నింటికి వస్తాయి అని అడుగుతాడు. అవన్నీ రాసుకోండి.

"మీ నాన్నగారేం చేస్తారమ్మా?" అని ఓనరు తప్పకుండా అడుగుతాడు. ఏం చెప్పాలో ముందే పిల్లలతో మాట్లాడండి, నిర్ణయం వాళ్లది. కొందరు హాస్టల్లో చదివామంటారు, కొందరు ఉన్నదున్నట్టు చెప్పేస్తారు. మీరు మధ్యలో దూరి "పాపం, ఎవరూ లేనివాళ్లండీ" అనకండి. గేటుకి సంస్థ బోర్డు పెట్టాలా వద్దా అన్నది కూడా వాళ్లనే తేల్చనివ్వండి. నన్నడిగితే వద్దనే అంటాను.

పిల్లలతో కూర్చుని మాట్లాడే మీటింగ్‌లో ఎవరి కథా అడగొద్దు. దాతలొచ్చినప్పుడల్లా చెప్పి చెప్పి విసిగిపోయి ఉంటారు. మాట్లాడనివాళ్లకి పేరు రాయక్కర్లేని చీటీ ఇవ్వండి.

డబ్బు లెక్క దాచకండి. పిల్లల సంరక్షణకి కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద ఆఫ్టర్‌కేర్ సాయం, అంటే హోమ్ వదిలాక ఇచ్చేది, మనిషికి నెలకు 4,000 రూపాయలు. అందులో అద్దెకెంత, గ్యాస్‌కెంత, డబ్బు ఆలస్యమైన నెల ఏది తగ్గించాలి అన్నది లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని వాళ్లతోనే తేల్చండి. ఇంటి రూల్స్ కూడా ఇంతే. మార్చడం కుదరనివి మొదటే చెప్పేసి, గేటు టైము లాంటివి వాళ్లకి వదిలేయండి. నైట్ షిఫ్టుకెళ్లేవాడికి తొమ్మిదింటికి తాళమేస్తే వాడెక్కడికి పోతాడు?

చివరగా వంటగది గోడకి ఒక కాయితం అంటించండి: ఏం అడిగారు, ఏది అయింది, ఏది కాలేదు. కానిదాని పక్కన కారణం రాయండి. ఓనరు ఒప్పుకోలేదనో, డబ్బు లేదనో, ఏదో ఒకటి. "చూద్దాం" అని మాత్రం రాయకండి, ఆ మాట వాళ్లు హోమ్‌లో చాలాసార్లు విన్నారు.